బిడ్డల కోర్టు ఎదుట నిలిచిన వైద్యుడు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, మీకా 6:8, యాకోబు 1:22–25



మోషే ఇశ్రాయేలీయులకు దేవుని ఆజ్ఞలను అప్పగించినప్పుడు వాటిని పిల్లలకు నేర్పు పద్ధతిని కూడ చెప్పెను. ఒక గంట కూర్చుండబెట్టి వల్లె వేయించి లేపివేయుట ఆ పద్ధతి కాదు. ఇల్లు, బాట, ఉదయము, రాత్రి, చేతి పని, గుమ్మము, ఇవన్నియు ఆయన దృష్టిలో బడులే. మన గ్రామములలో సండేస్కూలు పిల్లలు బంగారు వాక్యమును తప్పులేకుండ అప్పజెప్పుదురు. అందుకు మనము సంతోషింతుము. అయితే ఆ వాక్యమును ఆ చిన్న చేతులతో చేయించుటకు మనము ఎక్కడ చోటిచ్చితిమి? ఈ ప్రశ్న మమ్మును చాల కాలముగా బాధించుచున్నది.

అందుచేత ఈ నెల యూదుడైన ఒక ఉపాధ్యాయుని జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆయన క్రైస్తవుడు కాడు. ఆయనను మనవానిగా చేసికొనుటకు మేము ప్రయత్నింపము. ఆయన యూదుడుగా పుట్టి, యూదుల అనాథ బిడ్డల మధ్య బ్రదికి, వారితో కూడ యూదుడుగానే చంపబడెను. కాని మోషే చెప్పిన ఆ పద్ధతి ఒక ఇంటిలో ముప్పది ఏండ్లు ఎట్లు నడిచెనో ఆయన జీవితమందు చూడగలము. లోకము ఆయనను జానుష్ కోర్చాక్ అను పేరుతో ఎరుగును.

పిట్టకు సమాధి

తలిదండ్రులు ఆయనకు పెట్టిన పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. పోలెండు దేశపు వార్సా పట్టణములో 1878 జూలై 22న పుట్టెను. పుట్టిన యేడు 1879 అని చెప్పువారును కలరు. ఆ కాలమున వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడి క్రింద నుండెను. తండ్రి న్యాయవాది. ఇంట కలిమికి కొదువలేదు. పెరటిలో ఆడుకొను పేద పిల్లలను ఈ బాలుడు కిటికీలోనుండి చూచుచుండెను. లోకములో డబ్బే లేకుండ చేసినయెడల ఆకలిగొన్న పిల్లలు ఉండరు గదా అని అయిదేండ్ల వయస్సులో తన అవ్వతో రహస్యముగా చెప్పెనట.

ఆ వయస్సులోనే అతడు పెంచుకొన్న పాడు పిట్ట చనిపోయెను. దానిని పెట్టెలో పెట్టి, పెరటిలో పాతి, పైన చిన్న కొయ్య సిలువ నాటవలెనని అతడు తలంచెను. ఆ ఇంటి కావలివాని కుమారుడు దగ్గరకు వచ్చి, అది యూదుల పిట్ట గనుక దానికి సిలువ పెట్టకూడదనియు, నీవును యూదుడవే గనుక చచ్చిన తరువాత చీకటి చోటికి పోవుదువనియు చెప్పెను. తాను యూదుడనని ఆ పసివాడు ఎరిగినది ఆ దినముననే. ఆ మాట ఆయన జీవితాంతము మరచిపోలేదు. ఈ సంగతిని మీరు కూడ జ్ఞాపకముంచుకొనుడి. చివర మరల దీనియొద్దకు రావలసియున్నది.

తరువాత తండ్రికి మతి చలించెను. ఆసుపత్రి ఖర్చులకు ఇంటి సొత్తు కరగిపోయెను. 1896లో తండ్రి చనిపోయెను. బడిలో చదువుచున్న హెన్రిక్ ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి, ఆ కూలితో తల్లిని సహోదరిని పోషింపవలసివచ్చెను. ఆ విధముగా ఆయన ఉపాధ్యాయుడగుట కోరికతో కాదు, అక్కరతో మొదలయ్యెను. 1898లో ఒక రచనల పోటీకి నాటకమును పంపునప్పుడు జానుష్ కోర్చాక్ అను మారుపేరు పెట్టుకొనెను. ఆ పేరే నిలిచిపోయెను.

ఆసుపత్రి విడిచి అనాథల యింటికి

ఆయన వైద్యవిద్య చదివి 1905లో పట్టము పొందెను. వెంటనే రష్యా, జపాను యుద్ధమునకు సైనిక వైద్యుడుగా పిలువబడెను. తిరిగి వచ్చి వార్సాలో యూదుల పిల్లల ఆసుపత్రిలో పనిచేసెను. ధనవంతులయొద్ద గట్టి రుసుము తీసికొనెను. పేదల యిండ్లకు రాత్రివేళ నడచిపోయి నామమాత్రమే పుచ్చుకొనెను. పేరు వచ్చెను, డబ్బు వచ్చెను. కాని ఒక సంగతి ఆయనను కలతపెట్టెను. జ్వరము మాన్పి పంపిన బిడ్డ తిరిగి ఆ తడిసిన నేలమాళిగ గదికే, ఆ ఆకలికే పోవుచున్నాడు. మందు ఇచ్చుట చాలదని ఆయన గ్రహించెను.

వేసవిలో పేద పిల్లలను పట్టణమునుండి పల్లెలకు తీసికొనిపోవు శిబిరములలో ఆయన పనిచేసియుండెను. మొదటిసారి ముప్పదిమంది పిల్లలను చూచుకొనవలసివచ్చినప్పుడు వారు మాట వినలేదు. ఈయన కేకలు వేసెను, బెదరించెను, ఓడిపోయెను. పిల్లలకు ఉపదేశము చెప్పుటకంటె పిల్లలతో కూర్చుండి మాటలాడుట మేలని అక్కడనే నేర్చుకొనెను. ఆ ఓటమిని ఆయన దాచుకొనక తన పుస్తకములో వ్రాసెను.

1912లో ఆయన ఆసుపత్రి ఉద్యోగమును విడిచి, వార్సాలో క్రోహ్‌మాల్నా వీధిలో 92వ నంబరున క్రొత్తగా కట్టబడిన యూదుల అనాథ గృహమునకు అధికారి ఆయెను. ఆయనతో కూడ స్టెఫానియా విల్చిన్‌స్కా అను యూదురాలు ఆ యింటి భారము వహించెను. బెల్జియములో చదువుకొన్న ఈమె తెల్లవారినది మొదలు అర్ధరాత్రి వరకు ఆ బిడ్డలకు తల్లియై యుండెను. వీరిద్దరు ఎన్నడును వివాహము చేసికొనలేదు. ఏడేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు వయస్సుగల నూరుమంది బిడ్డలే వారి కుటుంబము. వైద్యుడు మేడమీది అటకగదిలో నివసించెను.

చీపురుకట్టకు గౌరవము

ఇల్లు అందమైనది, వేడినీళ్ల స్నానపు గదులు గలది. అయినను మొదటి సంవత్సరము మిక్కిలి కష్టముగా గడచెను. వీధులలో పెరిగిన పిల్లలు కట్టుబాట్లకు ఎదురు తిరిగిరి. పెద్దలు ఆజ్ఞాపించుటవలన ఆ యిల్లు కుదుటపడలేదు. పిల్లలు ఇది మా యిల్లు అని తలంచిన దినముననే కుదుటపడెను. అట్లు తలంచుటకు వైద్యుడు ఏమి చేసెనో వినుడి.

పగలు పిల్లలు పట్టణపు బడులకు పోయి చదువుకొని వచ్చుచుండిరి. ఇంట మరియొక బడి ఉండెను. ఊడ్చుట, తుడుచుట, గిన్నెలు కడుగుట, భోజనము వడ్డించుట, గ్రంథాలయము సర్దుట, రోగులైన పిల్లలయొద్ద కూర్చుండుట, ఈ పనులన్నియు బిడ్డల చేతులలోనే యుండెను. ఎవనికి ఏ పని ఇష్టమో వాడు అడిగి తీసికొనవచ్చును. చీపురుకట్టను, తుడుపు గుడ్డను మూల చాటున దాచక, అందరు చూచుచోట గౌరవముగా నిలిపిరి. భోజనమైన తరువాత ఎంగిలి పళ్లెములను వైద్యుడు స్వయముగా ఎత్తుచుండెను. చూడవచ్చిన అతిథులు ఆయనను పనివాడని భ్రమపడినను ఆయనకు చింతలేదు. ఎవడు ఊడ్చిన గదిలో కూర్చుండి చదువుచున్నాడో ఎరిగిన బిడ్డ ఊడ్చువానిని చిన్నచూపు చూడడు. ఈ పాఠమును ఏ పుస్తకమును నేర్పజాలదు.

మన మిషను బోర్డింగులలో చదివిన పెద్దలకు ఊడ్చుట, నీళ్లు మోయుట, తోటపని క్రొత్తవి కావు. అయితే అనేక చోట్ల ఆ పని తప్పుచేసినవానికి శిక్షగా ఇయ్యబడినది. శిక్షగా చేసిన పనిని బిడ్డ ద్వేషించును. నమ్మి అప్పగించిన పనిని ప్రేమించును. ఈ భేదమును మనము గుర్తింపవలెను.

క్రొత్తగా వచ్చిన ప్రతి బిడ్డకు ఆ యింటిలోనే పెరిగిన పెద్ద బిడ్డ నొకనిని మూడు నెలలు కాపరిగా ఏర్పరచిరి. ఆ కాపరి వానికి ఇంటి మర్యాదలు నేర్పి, వాని సంగతులను ఒక పుస్తకములో వ్రాసి చూపవలెను. నిన్నటివరకు అందరిచేత కసరబడిన పిల్లవాడు నేడు మరియొకనికి అన్న ఆయెను. కొంతకాలమునకు ఇంటివారందరు ఆ క్రొత్తవానిని గూర్చి తమ యభిప్రాయమును ఓటువేసి తెలుపుదురు. ఇరుగుపొరుగువారితో మంచిగా మెలగుట ఎంత విలువగలదో బిడ్డ అప్పుడు తెలిసికొనును.

గోడకు ఉత్తరముల పెట్టె యుండెను. నోట చెప్పలేని ఫిర్యాదును, ప్రశ్నను, దుఃఖమును చీటిమీద వ్రాసి అందులో వేయవచ్చును. తొందరపడి పెద్దలను అడుగుట మాని, ఆలోచించి వ్రాయుట దీనివలన పిల్లలకు అలవడెను. చెడ్డ అలవాటు మానదలచినవాడు వైద్యునితో పందెము కట్టును. ఈ వారము ఇన్నిసార్లకు మించి కొట్లాడను అని ఒకడు, అబద్ధమాడను అని ఒకడు చెప్పి, గెలిచినయెడల మిఠాయి పొందును. ఒక్క దినములో పరిశుద్ధుడవు కమ్మని ఎవరును వానిని బలవంతపెట్టలేదు. పోయిన వారము పదిసార్లు కొట్లాడినవాడు ఈ వారము అయిదుసార్లు కొట్లాడినను అది జయమే.

బిడ్డల న్యాయస్థానము

ఆ యింటిలో అన్నిటికంటె గొప్ప సంగతి బిడ్డల న్యాయస్థానము. వారమునకొకసారి అది కూర్చుండును. ఆ వారము ఎవరిమీద ఫిర్యాదు లేదో వారిలోనుండి చీట్లు వేసి అయిదుగురు బిడ్డలను న్యాయాధిపతులుగా ఏర్పరతురు. తోటివాడు కొట్టినను, తిట్టినను, వస్తువు తీసికొనినను బిడ్డ తిరిగి కొట్టక, బోర్డుమీద వాని పేరు వ్రాసి న్యాయము కోరవలెను. ఫిర్యాదు చేసినవాడే క్షమించి ఉపసంహరించుకొనిన యెడల మరింత మేలు.

ఆ న్యాయస్థానమునకు వైద్యుడు వ్రాసిన ధర్మశాస్త్రములో 1 మొదలు 99 వరకు గల విధులన్నియు క్షమాపణకు సంబంధించినవే. తెలియక చేసెను, బలవంతముచేత చేసెను, పశ్చాత్తాపపడెను, ఇకమీదట దిద్దుకొనును అని ఇన్ని విధములుగా క్షమించుటకు దారులు వెదకిరి. నూరవ విధితో గద్దింపు మొదలగును. అక్కడినుండి వంద వంద చొప్పున ఒక్కొక మెట్టు. తప్పు చేసినవాని పేరు ఇంటి పత్రికలో వేయుట, బంధువులకు తెలియజేయుట మొదలగునవి పై మెట్లు. వేయవ విధి ఇంటినుండి వెలివేయుట. బెత్తమునకు ఏ విధియందును చోటు లేదు.

ఇది వెంటనే ఫలించినదని తలంపకుడి. బలముగల పిల్లలు కొందరు ఈ న్యాయస్థానమును ద్వేషించిరి. కొందరు దానిని ఎగతాళి చేసిరి. కొన్ని వారములు దానిని ఆపివేయవలసి వచ్చెను. మరల తెరచినప్పుడు ఒక క్రొత్త నియమము చేర్చబడెను. అదేమనగా, బిడ్డలు పెద్దలమీద, ఉపాధ్యాయులమీద కూడ ఫిర్యాదు చేయవచ్చును. ఆరు నెలలలో వైద్యుడు అయిదుసార్లు తన పేరును తానే బోర్డుమీద వ్రాసికొని బిడ్డల యెదుట నిలిచెను. ఒకసారి ఒక బాలుని చెంపమీద కొట్టినందుకు, ఒకసారి ఒకనిని పడకగదినుండి వెళ్లగొట్టినందుకు, ఒకసారి ఒకనిని మూలకు నిలువబెట్టినందుకు, ఒకసారి ఒక న్యాయాధిపతిని అవమానించినందుకు, ఒకసారి ఒక బాలికమీద దొంగతనము మోపినందుకు. ఆయన కోపిష్ఠి కాడని మేము చెప్పుట లేదు. ఈ అయిదు తప్పులే దానికి సాక్ష్యము. కాని పెద్దవాని తప్పు పెద్దవాని తప్పే అని ఒప్పుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు. న్యాయమును గూర్చి నూరు ప్రసంగములు వినిన బిడ్డకంటె, తన గురువు న్యాయమునకు లోబడుట ఒక్కసారి చూచిన బిడ్డ ఎక్కువ నేర్చుకొనును.

వీధి దాటి, పట్టణము దాటి

ఈ పని నాలుగు గోడల మధ్యనే ఆగిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధములో ఆయన మరల సైనిక వైద్యుడాయెను. తుపాకుల మ్రోతల మధ్య గాయపడినవారికి కట్లు కట్టుచు, తీరిక చిక్కిన గంటలలో బిడ్డలను ప్రేమించుటను గూర్చి తన గొప్ప పుస్తకమును వ్రాసెను. యుద్ధానంతరము 1919లో మారియా ఫాల్స్కా అను స్త్రీతో కలిసి, క్రైస్తవులైన పోలెండు అనాథల కొరకు మరియొక గృహమునకు తోడ్పడెను. అక్కడను ఇదే పద్ధతి నడిచెను. మరుసటి సంవత్సరము ఆయనకు విషజ్వరము రాగా, సేవచేసిన తల్లికి అది సోకి ఆమె చనిపోయెను. ఆ దుఃఖములో ఆయన ప్రార్థనల పుస్తకమొకటి వ్రాసెను. యూదుల ఆచారములను తాను ఖచ్చితముగా పాటించినవాడు కాకపోయినను, ఇంటిలో సబ్బాతు ఆచరింపబడెను. ప్రార్థింపగోరు బిడ్డలకు స్థలమును సమయమును ఏర్పరచెను.

1926 అక్టోబరు 9న ఆయన యూదుల దినపత్రిక నొకదానికి అనుబంధముగా బిడ్డల వారపత్రికను ప్రారంభించెను. అందులోని సంగతులను వ్రాసినది బిడ్డలే. పోలెండు నలుమూలలనుండి పిల్లలు తమ వీధి, తమ బడి, తమ కష్టసుఖములను గూర్చి వ్రాసి పంపిరి. యుద్ధము ఆరంభమైన 1939 సెప్టెంబరు 1 వరకు ఆ పత్రిక నడిచెను. ఉపాధ్యాయులు కాగోరు యౌవనులు కొందరు ఆ అనాథ గృహములోనే బసచేసి, బిడ్డలతో పనిచేయుచు ఆ విద్యను చేతులారా నేర్చుకొనిరి. రేడియోలో ముసలి డాక్టరు అను పేరుతో ఆయన మాటలాడగా యూదులును క్రైస్తవులును ఇష్టముతో వినిరి. కాని యూదులమీద ద్వేషము పెరుగుచుండుటచేత 1936లో ఆ ప్రసంగములు ఆపివేయబడెను.

గోడల మధ్య

1939లో నాజీలు పోలెండును పట్టుకొనిరి. 1940లో వార్సాలోని యూదులందరిని ఒక పేటలోనికి తోలి చుట్టు గోడ కట్టిరి. నాలుగు లక్షలకు పైగా జనులు ఆ ఇరుకులో ఆకలికి, విషజ్వరమునకు అప్పగింపబడిరి. అనాథ గృహము కూడ అందులోనికి మారవలసి వచ్చెను. మారునప్పుడు కావలివారు బిడ్డల బంగాళాదుంపల బండిని లాగుకొనిరి. వైద్యుడు ఆ దుంపలకొరకు అధికారులయొద్దకు పోయి వాదింపగా, ఆయనను కొట్టి చెరలో వేసిరి. యూదులు ధరింపవలసిన చేతిపట్టీని ఆయన ధరింపకుండుట వారికి మరింత కోపము కలిగించెను. కొన్ని వారములకు విడుదలయై వచ్చునప్పటికి ఆయన ఆరోగ్యము చెడియుండెను.

అప్పటికి ఆయనకు అరువదియేండ్లు దాటినవి. బిడ్డలు రెండువందలమంది అయిరి. ప్రతిదినము సంచి భుజాన వేసికొని, ఇంటింట అడిగి, బిడ్డలకు పిండియో దుంపలో సంపాదించి తెచ్చుచుండెను. ఇవిచాలనట్లు, పసిపిల్లలు వందలకొలది చచ్చుచున్న మరియొక ఆశ్రమములో పనిచేయుటకు 1942లో తానే దరఖాస్తు పెట్టుకొనెను. ఆ గోడల మధ్య కూడ వంతుల పనులు ఆగలేదు, పాఠములు ఆగలేదు, న్యాయస్థానము ఆగలేదు. వెలుపల న్యాయమే లేని దినములలో, ఆ యింటి బిడ్డలు మాత్రము వారమువారము కూర్చుండి ఒకరినొకరు న్యాయముగా విచారించి క్షమించుకొనిరి.

1942 జూలై 18న ఆ బిడ్డలు ఒక నాటకమును ఆడిరి. అది మన దేశపు కవి రవీంద్రనాథ ఠాగూరు వ్రాసినది. తెలుగు వారును ఎరిగిన పోస్టాఫీసు కథయే. జబ్బుపడి గదిలో మూయబడిన అమల్ అను బాలుడు కిటికీలోనుండి లోకమును చూచుచు, రాజునొద్దనుండి ఉత్తరము వచ్చునని ఎదురుచూచుచు, తుదకు నెమ్మదిగా నిద్రించును. మరణమును భయములేకుండ ఎదుర్కొనుట బిడ్డలకు నేర్పుటకే ఆయన ఆ నాటకమును ఎన్నుకొనెనని చెప్పుదురు. బెంగాలు దేశమున పుట్టిన కథ వార్సాలో గోడల వెనుక మూయబడిన బిడ్డలకు ఓదార్పు కావలసివచ్చెను.

ఆగస్టు 5వ తేది

నాటకమైన నాలుగవ దినమున ఆ పేటలోని యూదులను రైలుపెట్టెలలో నింపి ట్రెబ్లింకాకు పంపుట మొదలాయెను. అది మనుష్యులను చంపుటకే కట్టబడిన చోటు. గోడ వెలుపలి స్నేహితులు వైద్యుని దాచుటకు ఏర్పాట్లు చేసిరి. ఆయన ఒప్పుకొనలేదు. రోగియైన బిడ్డను రాత్రివేళ విడిచిపోవనివాడు ఇట్టి దినమున విడిచిపోవునా? ఆగస్టు 5న సైనికులు వచ్చిరి. దాదాపు రెండువందలమంది బిడ్డలు వరుసలు తీర్చి వీధిలోనికి వచ్చిరి. వైద్యుడును, స్టెఫానియాయు, తక్కిన ఉపాధ్యాయులును వారితో కలిసి స్టేషను వరకు నడచిరి. వారిలో ఎవరును తిరిగి రాలేదు.

నేడు ట్రెబ్లింకాలో చనిపోయినవారి జ్ఞాపకార్థము 17,000 రాళ్లు నాటబడియున్నవి. వాటిలో అనేకముల మీద ఊళ్ల పేర్లు చెక్కబడినవి. ఒక మనిషి పేరు గల రాయి ఒక్కటే. దానిమీద జానుష్ కోర్చాక్ పేరును, ఆ ప్రక్కనే బిడ్డలు అను మాటయు ఉన్నవి. బిడ్డల హక్కులను గూర్చి ఒక అంతర్జాతీయ ఒడంబడిక కావలెనని 1978లో పోలెండు దేశమే ప్రతిపాదించెను. 1989లో ఐక్యరాజ్యసమితి దానిని అంగీకరించెను. దాని వెనుక ఆయన ఆలోచన ఉన్నదని అనేకులు ఒప్పుకొందురు.

మనకు మిగిలిన ప్రశ్న

ప్రియులారా, ఇప్పుడు ఆ కావలివాని కుమారుని తలంచుకొందము. తోటి బిడ్డ ఏడ్చుచు పిట్టను పాతుచుండగా, వాడు ఓదార్చక గాయపరచెను. వానికి ఆ మాట ఎవరు నేర్పిరి? వాడు దానిని ఏ పాఠములోను వల్లెవేసి యుండడు. పెద్దలు ఇంటిలోను బాటలోను మాటలాడుకొనుచుండగా వినియుండును. యూదులమీద ఆ ద్వేషము పెరిగి పెరిగి రైలుపెట్టెలదాక పోయిన దేశములు గుడులును, గంటలును, బాప్తిస్మపు పట్టీలును లేని దేశములు కావు. ఇది మనము తల వంచుకొని ఒప్పుకొనవలసిన సంగతి. మంచియైనను చెడుగైనను బిడ్డలు చూచి, చేసి నేర్చుకొందురు. మోషే చెప్పిన పద్ధతి రెండు వైపుల పదునుగల కత్తి వంటిది.

మన ఊరి గుడిలో పిల్లలచేత ఏమి చేయించుచున్నాము? ఆదివారమునకు గుడి ఊడ్చి చాపలు పరచు పనిని బాలుర చేతికి నమ్మి ఇచ్చితిమా? మంచముపట్టిన అవ్వయొద్దకు నీళ్లు మోసికొనిపోవుటకు బాలికలను, బాలురను కూడ పంపితిమా? క్రొత్తగా వచ్చిన బిడ్డకు ఏ పెద్ద బిడ్డనైనను కాపరిగా ఉంచితిమా? వారు తగవులాడినప్పుడు బెత్తము తీయక, వారిచేతనే న్యాయము ఆలోచింపజేసితిమా? వీటిలో దేనికిని డబ్బు అక్కరలేదు, క్రొత్త కట్టడము అక్కరలేదు.

అన్నిటికంటె కష్టమైనది ఒకటి మిగిలియున్నది. తండ్రులైన మనము, ఉపాధ్యాయులైన మనము, సంఘపెద్దలైన మనము బిడ్డలయెడల చేసిన తప్పును బిడ్డల యెదుట ఒప్పుకొనగలమా? కోపములో చెయ్యి చేసికొన్న దినమున, తెలియక నింద మోపిన దినమున, నాది తప్పు అని ఆ చిన్నవానితో చెప్పగలమా? న్యాయముగా నడచుకొనుట, కనికరమును ప్రేమించుట, దీనమనస్సు కలిగియుండుట అని మీకా ప్రవక్త చెప్పిన మూడింటిలో మూడవది లేక మొదటి రెండును బిడ్డలకు నేర్పుట సాధ్యము కాదు. ఈ నెలలో ఒక్కసారియైనను మన పేరును మనమే ఆ బోర్డుమీద వ్రాసికొందము. బిడ్డలు దానిని చదువుదురు.